హుషారు కూడా జబ్బు గుర్తే కావచ్చు

శ్రోతలకు నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు ఇళ్ళలో మానసిక జబ్బు మాట వస్తే దిగులు గురించే చెప్తారు. తిండి మానేశాడు, మూల కూర్చుని ఏడుస్తోంది అంటారు. ఈరోజు నేను చెప్పేది మనిషి మరీ హుషారుగా ఉన్న రోజుల గురించి. బైపోలార్ డిజార్డర్‌లో ఈ రెండూ వస్తాయి. దిగులును ఇంట్లోవాళ్ళు పసిగడతారు. హుషారును చూసి మురిసిపోతారు. చిక్కంతా అక్కడే.

బరంపురంలో పట్టుచీరల కొట్టులో పనిచేసే ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఉన్నాడనుకుందాం. నెమ్మదస్తుడు. ఉన్నట్టుండి రాత్రి రెండింటికే లేచి స్నానం చేసి, బీరువా అంతా కిందకు దింపి సర్దుతున్నాడు. నాన్నను లేపి సొంత కొట్టు పెడదామంటాడు. "వీడికి ఇన్నాళ్ళకి చురుకు వచ్చింది" అని తల్లి సంబరపడుతుంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఎవరికో అడ్వాన్స్ ఇచ్చేశాడు, వడ్డీకి అప్పు తెచ్చాడు. మాట్లాడితే ఆగడు, ఎదుటివాళ్ళకు సందివ్వడు. ఒక సంగతి చెప్తూ చెప్తూ ఇంకోదాంట్లోకి వెళ్ళిపోతాడు. తనంతటివాడు లేడంటాడు. కాదన్నవాళ్ళ మీద విరుచుకుపడతాడు.

ఇన్నిటిలో మీరు ఒక్కటే గమనించగలిగితే, నిద్రను గమనించండి. టెన్షన్ వల్ల నిద్రపట్టనివాడికి తెల్లారితే కళ్ళు మండుతాయి, ఒళ్ళు నొప్పులు, విసుగు. పరీక్షల పిల్లలూ, పెళ్ళి పనుల్లో ఉన్నవాళ్ళూ అంతే. ఈ జబ్బులో హుషారు పైకి లేచినప్పుడు అలా ఉండదు. రెండు మూడు గంటలే పడుకుంటారు, అయినా అలసటే కనిపించదు, "నాకు నిద్ర అక్కర్లేదు" అంటారు. చాలామందిలో మిగతా గొడవలకన్నా ముందే నిద్ర తగ్గుతుంది. అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్తే అప్పులూ గొడవలూ చాలావరకు తప్పుతాయి.

పొద్దున కోపం, సాయంత్రం నవ్వు ఉన్నవాళ్ళందరికీ బైపోలార్ అని పేరు పెట్టేయకండి. ఆ హుషారు లేదా చిరాకు, రోజులో చాలాసేపు, కనీసం వారం పాటు ఉంటే డాక్టర్లు మేనియా అంటారు. అంత తీవ్రంగా లేకుండా నాలుగు రోజులైనా ఉంటే హైపోమేనియా. దిగులుకైతే రెండు వారాలు చూస్తారు. సాధారణంగా పదిహేడు పద్దెనిమిదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు మొదలవుతుంది. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉంటే అవకాశం ఎక్కువ. బాలింతల విషయంలో మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. పురుడయ్యాక నిద్ర పూర్తిగా పోయి, పొంతనలేని మాటలు మాట్లాడుతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. రెండేళ్ళకోసారి బరంపురంలో ఠకురాణి యాత్ర జరుగుతుంది. మొక్కుకుని వేషం కడతారు, కొందరి మీదికి అమ్మవారు వస్తుంది. అది జబ్బు కాదు. యాత్ర అయ్యాక వేషం తీసేసి మర్నాడు పనిలోకి వెళ్తారు. యాత్రతో నిమిత్తం లేకుండా, నేనే అమ్మవారినంటూ రోజుల తరబడి నిద్రాహారాలు లేకుండా తిరిగే మనిషిని మాత్రం డాక్టర్ చూడాలి. చిల్లంగి పెట్టారని అనుమానం వచ్చినా సరే, మొక్కులు మొక్కుకోండి, డాక్టర్‌కీ చూపించండి. గొలుసులతో కట్టేయడం మాత్రం ఘోరం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది.

ఆసుపత్రికి చాలామంది దిగులు రోజుల్లోనే వస్తారు. డాక్టర్‌కు దిగులు గురించే చెప్తారు. ఆర్నెల్ల కిందట నిద్రలేకుండా అప్పులు చేసిన సంగతి చెప్పరు, పరువు తక్కువని. అది తెలియక ఉత్త దిగులు మందు ఒక్కటే ఇస్తే, కొందరిలో ఆ హుషారు పైకి ఎగదన్నవచ్చు. కాబట్టి వెంట వెళ్ళే అమ్మో, అన్నో, భార్యో పాత సంగతులన్నీ చెప్పాలి. డబ్బు విషయాలూ దాచొద్దు.

మందులున్నాయి. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ లిథియం ఈ జబ్బుకు పనిచేస్తుందని రాశారు, ఇప్పటికీ అది ముఖ్యమైన మందే. లిథియం వాడేవాళ్ళు రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా మందు మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. తగ్గిపోయిందని మందు మానేయడం ఇంకా ప్రమాదం.

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దూరం అనుకుంటే టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి, బంధువులకు చెప్పుకోవడం తర్వాత.