పసుపు కుంకుమలతో సరిపెట్టిన ఇంజను

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, క్వారీల్లో పని ఆపుకొని చీమకుర్తి నుంచి వచ్చిన టిప్పర్ల యజమానులకు, నా తోటి మెకానిక్కులకు నమస్కారం. ఆయుధపూజ సందర్భంగా నాలుగు మాటలు చెప్పమన్నారు. అయితే ఆయుధపూజ అనగానే నాకు ఒకే ఒక ఇంజను గుర్తుకు వస్తుంది కనుక, ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో మాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీ ఇంజను మొరాయిస్తే ఆదుకుంటుందని మా బావగారూ నేనూ కలిసి కొన్న ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనును అందులో నాలుగేళ్లు ఉంచాము. బండి నుంచి దించిన నాటి నల్లటి ఆయిల్‌ను ఇంజను అడుగునున్న ఛాంబరులోనే వదిలేసి, దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టి, సిమెంటు నేల మీద దించాము. ఏటా విజయదశమికి పట్టా విప్పి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మళ్లీ కట్టేసేవాళ్లం. బొట్లు పెట్టామే గాని ఒక్క చెంచా నూనె పోయలేదు.

అవసరపడిన నాడు ఇంజను వెనక ఉండే పెద్ద చక్రం, ఫ్లైవీల్, కదలలేదు. టామీ రాడ్డుకు నాలుగడుగుల పైపు తొడిగి నలుగురం కలిసి తిప్పితే లోపల ఏదో విరిగిన చప్పుడైంది. హెడ్ విప్పి చూస్తే, మూడవ సిలిండరులో పిస్టన్ ఆగిన చోట, సిలిండరు లోపలి గొట్టమైన లైనరు గోడకు మొలతాడు కట్టినట్టు ఎర్రటి తుప్పు వలయం ఉంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పైది మూడు ముక్కలైంది. ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొని ఉన్నప్పుడే ఇంజను ఆగినట్లుంది, మూత పెట్టని ఆ రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కూడా కట్టుకుంది. ఆ లైనరును ఇవాళ సంచిలో తెచ్చాను. ఒకరి నుంచి ఒకరు అందుకొని, ఆ వలయం మీద గోరు పెట్టి చూడండి.

మీలో ఎంతమంది షెడ్లలో స్పేరు ఇంజను ఉంది? చేతులెత్తండి. దించిన రోజునే ఆయిల్ మార్చినవారు తప్ప మిగిలినవారు చేతులు దించండి. సరే, నేను అనుకున్నట్టే ఉంది.

లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత, రింగుల సందున దిగే పొగతో పాటు, ఛాంబరులోని ఆయిల్‌లో చేరుతుంది. ఇంధనంలోని గంధకం వల్ల ఆమ్లాలూ చేరతాయి. నడిచే ఇంజనులో వేడికి ఆ నీరు ఎగిరిపోతుంది, నిలిపి ఉంచిన ఇంజనులో మాత్రం ఆ పాత ఆయిలే బేరింగులను తింటుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం పుంజుకుంటుంది, ఉప్పుగాలి తగిలే చోట అంతకంటే తక్కువ తేమ చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మేము బిగించి కట్టిన ప్లాస్టిక్ పట్టా ఆ తేమను ఆపకపోగా లోపలే నిలవపెట్టింది.

కాబట్టి ఇంజనును దించడానికి ముందే కాసేపు నడిపి, వేడిగా ఉండగానే పాత ఆయిల్ వదిలి, ఫిల్టరు మార్చి, కొత్తది పోసి, అది లోపలంతా పారేలా మరి కొద్దిసేపు నడపాలి. బ్లాకులోని నీళ్లను పూర్తిగా వదిలేయాలి. దించాక, డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, ఒక్కొక్క సిలిండరులో ఒకటి రెండు చెంచాల ఆయిల్ మాత్రమే పోసి, పిస్టన్లను ఆడించే క్రాంకును చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, నాజిళ్లు మళ్లీ బిగించాలి. వాల్వులను నొక్కే రాకర్లు వదులు చేస్తే వాల్వులన్నీ మూసుకుంటాయి. నా ఇంజనుకు ఈ ఒక్క పని చేసి ఉన్నా మూడవ సిలిండరు బతికేది. గాలి లోపలికి వెళ్లే దారికీ, పొగ బయటికి వచ్చే దారికీ రేకు ముక్క, గ్యాస్కెట్ పెట్టి బోల్టులతో బిగించాలి. గుడ్డ కుక్కితే అదే తేమను పీల్చి పట్టుకుంటుంది. మెరిసే లోహపు ముఖాలకు గ్రీజు రాయాలి. ఇంజనును చెక్క దుంగల మీద నిలిపి, గాలి ఆడే గుడ్డ టార్పాలిన్ కప్పాలి.

కొందరు స్పేరు ఇంజనును స్టాండు మీద నెలకోసారి ఐదు నిమిషాలు నడిపి చాలనుకుంటారు. అంత కొద్దిసేపట్లో ఇంజను పూర్తిగా వేడెక్కదు, పుట్టిన నీరు లోపలే ఉండిపోతుంది. దయచేసి ఆ అలవాటు మానండి. ఊరికే చేత్తో తిప్పినా రింగులు నూనె పొరను గీకేస్తాయి కనుక, ఆరు నెలలకోసారి నాజిళ్లు విప్పి, మళ్లీ చెంచాడు ఆయిల్ పోశాకే తిప్పండి. వాల్వులు తెరుచుకోకుండా రాకర్లను వదులుగానే ఉంచండి. పోయినసారి ఆగిన చోటే పిస్టన్ మళ్లీ ఆగకుండా చూడండి. పోసిన తేదీని బ్లాకు మీద పెయింటుతో రాయండి.

ఇప్పటికే పట్టేసిన ఇంజను ఉన్నవారు పైపు తొడగవద్దు. డీజిల్, ఆయిల్ కలిపి సిలిండర్లలో పోసి, వారం పాటు నానబెట్టి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపండి.

ఈ హాలు వెనక వేపచెట్టు కింద మా బావగారు మరో ఇంజనును దుంగల మీద పెట్టించారు. పూజ కాగానే, పసుపు ఆరకముందే, స్పానర్లు తీసుకొని అక్కడికి రండి. మొదట మూడవ సిలిండరు నాజిల్ విప్పుదాం.