బెంచ్ వచ్చినా మన కేసు చెన్నైకే పోతుంది! కారణం ఇదిగో

అందరికీ నమస్కారం. కర్నూల్లో హైకోర్టు బెంచ్, అంటే హైకోర్టుకు ఒక శాఖ, పెట్టాలనే గొడవ మీకు కొత్త కాదు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1954లో గుంటూరులో పెట్టిన హైకోర్టు, 2020 మూడు రాజధానుల చట్టం, 2021లో దాని రద్దు, 2024 నవంబరులో బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం... ఇదంతా మళ్లీ చెప్పను. బెంచ్ రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈరోజు నేను చెప్పే మాటకు చాలామందికి కోపం వస్తుంది. రానివ్వండి.

బెంచ్ రేపు పొద్దున్నే తెరిచినా సరే, ఆదోని పత్తి వ్యాపారి తగాదా, అనంతపురం లారీ ఓనర్ తగాదా, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ తగాదా అక్కడికి రావు. ఎందుకు రావంటే, అవి ఎక్కడ తేలాలో అగ్రిమెంటులోని ఆర్బిట్రేషన్ క్లాజులో మనమే సంతకం పెట్టి రాసిచ్చేశాం. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట ఒక మనిషి (ఆర్బిట్రేటర్) తగాదా విని తీర్పు చెప్పడం. చెన్నైకో, ముంబైకో, హైదరాబాద్‌కో. ఆ తగాదాలు తీర్చగల మనిషేమో మన జిల్లా కోర్టు వరండాలో నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాడు. ఆయన మనకు కనబడడు. నా బాధ అదీ!

కర్నూల్లో ఒక సీనియర్ లాయర్ గారున్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. నలభై ఏళ్లకు పైగా సివిల్ కోర్టులో వ్యాపార దావాలే చేశారు. ప్రోనోటు దావాలు, పార్ట్‌నర్‌షిప్ గొడవలు, నూనె మిల్లుల బాకీలు. టీవీ చర్చల్లో ఆయన ఎప్పుడూ కనబడలేదు. ఆయన చేసిన ఒక దావా గురించి చెబుతాను, జాగ్రత్తగా వినండి.

ఆదోని పత్తి కేసు. కమీషన్ ఏజెంటు జిన్నింగ్ మిల్లు మీద దావా వేశాడు, ఇంత సరుకు ఇచ్చాను, ఇంత బాకీ అని. రుజువేంటంటే ఖాతా పుస్తకం. ఎర్ర అట్ట, లోపల నీట్‌గా పద్దులు. చూసినవాళ్లంతా మిల్లు ఓనర్ పని అయిపోయిందనుకున్నారు. మన సీనియర్ గారు మిల్లు తరఫున. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఆయన గొంతు పెంచలేదు. పుస్తకం చేతికిచ్చి, "ఈ పద్దు ఏ రోజుది సామీ?" అన్నారు. ఏజెంటు తేదీ చదివాడు. "ఆ రోజు ఉగాది కదా. యార్డు మూసి ఉంటే కాటా ఎవరు వేసినారు?" జవాబు లేదు. "తూకం చీటీ ఉందా?" లేదు. "మూడు నెలల పద్దులు, ఒకే పెన్ను, ఒకే చేయి. నడుమ ఒక్క కొట్టివేత కూడా లేదే?" అంతే. ఖాతా పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన ఎదుటివాడి మీద బాకీ పడదని 2024 జులై దాకా నడిచిన 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్‌లోనే ఉండేది, ఇప్పటి కొత్త సాక్ష్య చట్టంలో కూడా అదే మాట ఉంది. ఆ సెక్షన్ లైబ్రరీలో చదివినవాళ్లు వేలమంది ఉంటారు. ఉగాది నాడు ఆదోని యార్డు మూత అని తెలిసినవాళ్లు ఎంతమంది?

అందుకే నేను గట్టిగా చెబుతున్నా, రాసిపెట్టుకోండి. వ్యాపార తగాదాకు ట్రయల్ కోర్టులో తలపండిన లాయర్‌ను మించిన ఆర్బిట్రేటర్ లేడు. పెద్ద పదవిలో రిటైరై వచ్చిన వాళ్లకంటే కూడా! ఎందుకో చెబుతాను. పైకోర్టుల్లో కాగితం మాట్లాడుతుంది. కింద కోర్టులో మనిషి మాట్లాడతాడు, అబద్ధమాడతాడు, చెమటలు కక్కుతాడు. నలభై ఏళ్లు ఆ చెమట చూసిన కంటికి మూడో వాయిదాకే అసలు సంగతి తెలిసిపోతుంది.

తర్వాత ఇదే పెద్దాయనను బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్‌లో ఇద్దరు పార్ట్‌నర్లు కలిసి ఆర్బిట్రేటర్‌గా పెట్టుకున్నారు. ఆయనేం చేశారు? కాగితాల మీద స్టాకు లెక్క చదువుతూ కూర్చోలేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఎండలో ఫ్యాక్టరీకి పోయి, బండల వరుసలు లెక్కపెట్టించి, పగిలినవి పక్కన పెట్టించి, అక్కడికక్కడే ఇద్దరితో సంతకాలు చేయించారు. ఆర్బిట్రేషన్ చట్టంలో గడువు తెలుసు కదా, వాద ప్రతివాదాల కాగితాలు పూర్తయ్యాక 12 నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, ఇవ్వాలి. ఆయనకు అన్ని నెలలు పట్టలేదు. అదే స్టాకు తగాదా హైదరాబాద్‌లో ఏసీ హాల్లో నడిచి ఉంటే? హాలు అద్దె, విమానం టికెట్లు, హోటల్ బిల్లు. బండలు మాత్రం బేతంచెర్లలోనే!

ఇప్పుడు అసలు మంట పుట్టించే విషయానికొస్తాను. లారీ లోన్లు.

అనంతపురం వైపు ఒక లారీ ఓనర్. కిస్తీలు కొన్ని తప్పాయి. చెన్నై నుంచి ఒక కవరు వచ్చింది, లోపల మొత్తం ఇంగ్లీషు. ఆర్బిట్రేటర్‌ను నియమించాం, ఫలానా తేదీకి హాజరవ్వు అని. నియమించింది ఎవరు? అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీయే! మనవాడు ఆ కవరును టీవీ వెనక పెట్టేశాడు. రెండోది కూడా అక్కడే పెట్టాడు. చెన్నైలో ఆయన లేకుండానే అవార్డు అయిపోయింది. ఆ అవార్డు కాపీ కూడా ఆ కవర్ల పక్కకే చేరింది. చివరికి ఇక్కడి కోర్టులో ఈపీ పడింది, అంటే ఆ అవార్డు అమలు చేయమని పిటిషన్. అప్పుడు పరిగెత్తుకుంటూ మన సీనియర్ గారి దగ్గరికి వచ్చాడు. ఆయన అగ్రిమెంటు తిరగేసి అన్న మొదటి మాట: "సంతకం పెట్టేటప్పుడు కండ్లు యాడ పెట్టినావప్పా?"

చూడండి ఎంత అన్యాయమో. ఇక్కడ చట్టం లారీ ఓనర్ వైపే ఉంది! ఆర్బిట్రేషన్ చట్టంలో 2015 సవరణతో 12(5) సెక్షన్ వచ్చింది, తగాదాతో సంబంధం ఉన్నవాళ్లు ఆర్బిట్రేటర్‌గా పనికిరారని. 2019లో పెర్కిన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. తగాదాలో స్వార్థం ఉన్నవాడు ఏకైక ఆర్బిట్రేటర్‌ను తానొక్కడే నియమించకూడదని చెప్పింది. 2024 నవంబరులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం, ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టుల్లో అలాంటి ఏకపక్ష నియామకం క్లాజు సమానత్వ హక్కుకే విరుద్ధమని తేల్చింది. ఇంత గట్టి ఆయుధం చేతిలో పెట్టుకుని మనవాడు కవరు విప్పలేదు. అవార్డు చేతికొచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో రద్దు చేయమని కోర్టుకు పోవాలి. కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ఆ తర్వాత కాళ్లు పట్టుకున్నా వినరు.

ఏ కోర్టుకు పోవాలంటారా? ఇదీ అగ్రిమెంటులో చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. ఆర్బిట్రేషన్ 'సీట్', అంటే చట్టం లెక్కలో ఆ ఆర్బిట్రేషన్ ఊరు, చెన్నై అని రాసి ఉంటే ఆ అవార్డు మీద పోరాటం కూడా చెన్నై కోర్టులోనే. 2017లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మరి ఆ అవార్డును మన మీద అమలు చేయడానికి? దానికి మాత్రం మన లారీ, మన పొలం ఎక్కడుంటే నేరుగా ఆ ఊరి కోర్టుకే రావచ్చు. 2018లో అదీ చెప్పేశారు. మనం కొట్లాడాలంటే చెన్నై పోవాలి, వాళ్లు జప్తు చేయాలంటే కర్నూలు వస్తారు. చెప్పండి, దీనికి హైకోర్టు బెంచ్ ఏం చేస్తుంది?

బెంచ్ వల్ల ఒక లాభం ఉంది, అది కూడా చెబుతాను. ఆర్బిట్రేటర్ ఎవరో ఇద్దరికీ కుదరకపోతే 11వ సెక్షన్ కింద హైకోర్టుకు పోవాలి. ఇప్పుడు దాని కోసం కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కి అమరావతిలో నేలపాడు చేరాలి. బెంచ్ వస్తే ఆ తిప్పలు తప్పుతాయి. సంతోషం. కానీ అప్పుడు కూడా, మన జిల్లాల సీనియర్ల పేర్లు ఆర్బిట్రేటర్ల లిస్టుల్లో లేకపోతే, కర్నూల్లో ఆర్డరు తీసుకుని హైదరాబాద్‌లో వాదించుకోవడమే! హైదరాబాద్‌లో 2021 డిసెంబరులోనే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ తెరిచారు. మనకు అంత పెద్దది అక్కర్లేదు. ఒక గది, ఒక టైపిస్టు, మన సీనియర్ల జాబితా. చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లు, బార్ అసోసియేషన్ వాళ్లు ఒక పూట కూర్చుంటే అయిపోయే పని ఇది.

లాయర్ ఆర్బిట్రేటర్ ఎలా అవుతాడు, దానికి పెద్ద అర్హతలు కావాలి కదా అని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు! 2019లో ఒక అర్హతల పట్టిక చట్టంలో పెట్టారు, 2021 సవరణలో దాన్ని తీసేశారు కూడా. ఇద్దరు వ్యాపారులు నమ్మిన మనిషి చాలు. ఫీజు భయమా? చట్టం నాలుగో షెడ్యూల్‌లో నమూనా లెక్క ఉంది. 5 లక్షల లోపు తగాదాకు 45 వేలు, ఆర్బిట్రేటర్ ఒక్కడే అయితే దాని మీద ఇంకో పావు వంతు. ఆర్బిట్రేటర్ తన ఫీజు తానే ఇష్టమొచ్చినట్టు పెంచుకోకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఫైనాన్స్ కంపెనీ ఫారంలో మనం ఒక అక్షరం మార్చలేం, ఒప్పుకుంటా. కానీ ఆదోని వ్యాపారి, ఎమ్మిగనూరు వ్యాపారి, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఓనర్ తమలో తాము రాసుకునే కాగితంలో చెన్నై ఎందుకుండాలి? ఎవరో పాత అగ్రిమెంటు తెచ్చి జిరాక్సు తీసి పేర్లు మార్చుకున్నారు కాబట్టి! ఆ ఒక్క లైన్లో 'సీట్ కర్నూలు' అని రాయండి. మీ ఇద్దరికీ నమ్మకమున్న లాయర్‌ను ఆర్బిట్రేటర్‌గా రాయండి. ఆ పెద్దాయన లాంటివాళ్లు ఆదోనిలో ఉన్నారు, ప్రొద్దుటూరులో ఉన్నారు, హిందూపురంలో ఉన్నారు. కొందరు ఇప్పటికే ఇంటిపట్టున కూర్చున్నారు.

మీ అగ్రిమెంటు బీరువాలోంచి తీయండి. చివరి రెండు పేజీల్లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది, అక్కడ ఏ ఊరి పేరుందో కింద కామెంట్లో రాయండి. కంపెనీ పేరు, లోన్ నంబరు వద్దు, ఊరి పేరు చాలు. వచ్చే వీడియోలో ఆ లిస్టు మొత్తం చదువుతాను.