వంజంగి మబ్బుల అడుగున పాడేరు గాలి

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

చలికాలంలో అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కినవారు తెల్లవారుజామున కింద పాలు పొంగినట్టు పరచుకున్న మబ్బులను ఫోటోలు తీసుకుని సంతోషంగా దిగిపోతారు. నేను ఈరోజు ఆ మబ్బుల అడుగున పొయ్యి వెలిగించేవారి గురించి మాట్లాడదలచుకున్నాను. కొండగాలి అంటేనే స్వచ్ఛమైన గాలి అని మనం అనుకుంటాం. కొండ మీద గాలికీ, కొండల మధ్య గాలికీ తేడా ఉంది.

పైకి వెళ్లేకొద్దీ గాలి కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడడం మామూలు. కింద వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తూ పొగనూ ధూళినీ వెంట తీసుకుపోతుంది. అయితే మబ్బు లేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి, వాలు వెంట నీరు దిగినట్టు కొండల మీది నుంచి లోయలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. దాని పైన వెచ్చని గాలి కుండ మీద మూతలా కూర్చుంటుంది. శాస్త్రవేత్తలు దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. వంజంగి నుంచి కనిపించే మబ్బుల పైఅంచు అంత చదునుగా ఉండడానికి కారణం ఆ మూతే.

ఈ మూతను చూడడానికి కొండ ఎక్కనక్కరలేదు. జనవరిలో ఉదయం ఆరు గంటలకు ఒక టీ కొట్టు ముందు నిలబడి చూడండి. కట్టెల పొయ్యి పొగ పెంకుల కప్పు దాటి కొంత ఎత్తు వరకు నిటారుగా లేచి, అక్కడ ఏదో తగిలినట్టు వంగి, దుప్పటిలా అడ్డంగా పరచుకుంటుంది. వీధిలోని చలిమంటలు, ఊడ్చి తగలబెట్టిన చెత్త, మబ్బులు చూడడానికి చీకటితోనే ఘాట్ రోడ్డు ఎక్కే వాహనాల పొగ అన్నీ ఆ దుప్పటి కిందికే చేరతాయి. (అందాన్ని చూడవచ్చేవారు కూడా ఆ పొగకు తమ వంతు కలిపే వెళ్తున్నారు.) ఎండ బాగా ఎక్కి నేల వేడెక్కిన తర్వాత గాని మూత కరగదు. మధ్యాహ్నానికి అదే పొగ వందల మీటర్ల మందంలో కలిసిపోయి పలచబడుతుంది.

ఎండాకాలం సంగతి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాలి అడవి ఎండిపోతుంది; పోడు కోసం నరికిన చెట్లను కాల్చడం, కార్చిచ్చులు రేగడం అప్పుడే. పగలు పొగ పైకి లేచి చెదిరినా, రాత్రి వాలుగాలితో కొంత కిందికి దిగుతుంది. తరతరాలుగా పోడు చేసుకునేవారి మీదే మొత్తం నేరం మోపడం నాకు సమ్మతం కాదు. నైరుతి వచ్చాక వాన గాలిని కడుగుతుంది గాని, తడి కట్టెలతో ఇళ్లలోపలి పొగ పెరుగుతుంది. ఊదుగొట్టం పట్టుకునే ఆడవాళ్లకు ఆ నెలలు తేలిక కావు.

గాలిలో తేలే, వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతో అంతకన్నా తక్కువో ఉండే కణాలకు, అంటే పి.ఎం. 2.5కు, మన దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. రెండూ రోజు మొత్తానికి సగటులే. లోయలో ఉదయం ఆరుకు పీల్చే గాలినీ, మధ్యాహ్నం మూడుకు పీల్చే గాలినీ కలిపి సగటు కడితే అసలు బాధ అందులో మునిగిపోతుంది. అందుకే ఇక్కడ గాలిని గంట గంటకూ కొలవాలి. పరికరాన్ని మేడ మీద గాక మనిషి ముక్కు ఎత్తుకు దగ్గరగా పెట్టాలి.

ఎంత పొగ వదిలామన్నదానితో పాటు ఏ వేళకు వదిలామన్నదీ లోయలో లెక్కలోకి వస్తుంది. చెత్త కాల్చడం ఏ వేళా తగదు, తెల్లవారుజామున అసలే తగదు. వసతి గృహాల వంటశాలలకు కట్టెల బదులు గ్యాస్ ఇవ్వడం ఖర్చుతో కూడిన పని. పిల్లల ఉదయపు పరుగును డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం నాలుగింటికి మార్చడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.