స్లో అయిన కంప్యూటర్: ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

అందరికీ నమస్కారం.

సిస్టమ్ స్లోగా ఉందని ఎవరితోనైనా అంటే సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. ఫార్మాట్ కొట్టించమని ఒకరంటారు, ఏదో క్లీనర్ వేసుకోమని ఇంకొకరంటారు. అసలు ఎందుకు స్లో అయిందని మాత్రం ఎవరూ అడగరు. దానికి జవాబు చాలావరకు విండోస్‌లోనే దొరుకుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ (లెక్కలు చేసే ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ (ఫైళ్లు దాచుకునే చోటు) ఎంతెంత వాడకంలో ఉన్నాయో శాతాల్లో కనిపిస్తుంది. సిస్టమ్ మనల్ని విసిగిస్తున్న ఆ సమయంలోనే చూడాలి, అంతా బాగా నడుస్తున్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. ఏది నూరు శాతానికి దగ్గర్లో ఉందో పని అక్కడ ఆగుతోందన్నమాట. అది వదిలేసి ఇంకోదానికి డబ్బు పెడితే దండగే.

పాత కంప్యూటర్లలో ఎక్కువగా నూరు చూపించేది డిస్కే. టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కితే లోపల ఉన్నది తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కా, చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీనా అన్నది కూడా తెలుస్తుంది. హార్డ్ డిస్క్ అయితే మీ కష్టానికి కారణం దాదాపు దొరికినట్టే.

హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద గ్రామఫోన్ ముల్లులా ఒక చేయి ఇటూ అటూ కదులుతూ చదువుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలి, కావలసిన ముక్క తన కిందికి వచ్చేదాకా ఆగి చదవడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకు వంద, మహా అయితే రెండొందలు చదవగలదు. విండోస్ మొదలయ్యేటప్పుడు చేసే పని అలాంటి చిన్న ఫైళ్లను వేలకొద్దీ చదవడమే. అదే సమయంలో యాంటీవైరస్ స్కాన్, అప్‌డేట్లు కూడా అదే డిస్క్ కోసం పోటీ పడతాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. సాటా అనే పాత రకం కనెక్షన్‌తో వచ్చే మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా అలాంటి చిన్న ముక్కలు సెకనుకు పదివేలల్లో చదువుతుంది.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద వేసే సెకనుకు ఇన్ని మెగాబైట్లు అనే అంకె చూసి మోసపోకండి. ఆ అంకె పెద్ద ఫైల్‌ను ఏకబిగిన చదివే వేగం. ఆ లెక్కలో హార్డ్ డిస్క్ 100 నుంచి 200 దాకా, సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీలు చాలావరకు 3000 పైన ఉంటాయి. ఇంట్లో మనకు తేడా తెలిసేది చిన్న ముక్కలు చదవడంలో. అందుకే హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా కొత్త కంప్యూటర్ కొన్నట్టుంటుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే అంత సంతోషం కలగదు. పాత ల్యాప్‌టాప్‌లో సాటా మాత్రమే పడుతుందని తెలిస్తే దిగులు అక్కర్లేదు.

ఉన్నట్టుండి స్లో అయి, డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం వేగం సంగతి మర్చిపోండి. ముందు ఫొటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ డిస్క్ ఎప్పుడైనా పోవచ్చు.

ఇక మెమరీ. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఎక్కించడానికి చాలు, వాడుకోవడానికి చాలదు. ర్యామ్ నిండితే విండోస్ కొంత సరుకును డిస్క్ మీదికి దించుతుంది, కావలసినప్పుడు తిరిగి తెస్తుంది. హార్డ్ డిస్క్ ఉన్నచోట ఆ రాకపోకలకే సిస్టమ్ హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. మామూలు ఇంటి పనికి 8 జీబీ కావాలి, బ్రౌజర్‌లో ముప్ఫై ట్యాబులు తెరిచే అలవాటుంటే 16. కొన్ని ల్యాప్‌టాపుల్లో ర్యామ్ మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుకే) అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. కొనే ముందు మీ మోడల్ సంగతి చూసుకోండి.

ర్యామ్ డెబ్భై శాతం నిండి ఉందని టెన్షన్ పడకండి. ఖాళీ ర్యామ్ వల్ల ఉపయోగం లేదు కాబట్టి, మిగిలిన చోటులో కూడా మళ్లీ అవసరమయ్యే వాటిని విండోస్ దాచిపెడుతుంది. ర్యామ్ ఖాళీ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు వాటిని బయటికి తోసేస్తే, మరుక్షణం అవే మళ్లీ డిస్క్ నుంచి రావాలి. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే పట్టిక) క్లీనర్ల సంగతి ఇంకా అన్యాయం. కొన్ని పాత ఎంట్రీలు తీసేసినంత మాత్రాన తేడా ఏమీ తెలియదు, పొరపాటున పనికొచ్చేది తీసేస్తే విండోసే లేవకపోవచ్చు. వాటిని వాడొద్దని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది.

సీపీయూ నూరు చూపిస్తుంటే జాబితాలో సీపీయూ అన్న శీర్షిక మీద నొక్కండి, ఏ ప్రోగ్రామ్ తింటోందో పైన కనిపిస్తుంది. అది బ్రౌజర్ అయితే, క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత వాడుతోందో విడివిడిగా చూపిస్తుంది. మొదట బాగా నడిచి పది నిమిషాలకు ఫ్యాన్ హోరెత్తి స్లో అవుతుంటే అది వేడి. తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టడం మానండి, గాలి వెళ్లే సందుల్లో దుమ్ము తీయించండి.

డబ్బు ఖర్చు లేని పనుల్లో నాకు నచ్చేది స్టార్టప్ జాబితాను, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాను తగ్గించడం. అదీ టాస్క్ మేనేజర్‌లోనే ఉంటుంది. చాటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ కంపెనీ వాళ్ల సహాయక ప్రోగ్రాములు, అన్నీ మనల్ని అడగకుండా అక్కడ చేరతాయి. డిజేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, తనంతట తాను మొదలవడం ఆగుతుంది, అంతే. యాంటీవైరస్‌ను, టచ్‌ప్యాడ్, సౌండ్‌లకు సంబంధించిన వాటిని ముట్టుకోకండి. ఫార్మాట్ కొట్టించాక కొన్నాళ్లు హాయిగా నడవడానికి ఒక కారణం ఈ జాబితా ఖాళీ కావడమే. దానికోసం మొత్తం చెరిపేయనక్కర్లేదు.

ఇంకో సంగతి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకుంటాం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ మూలభాగం స్థితి డిస్క్‌లో భద్రంగా ఉంటుంది, మర్నాడు అదే తిరిగి లేస్తుంది. నిజంగా మొదటి నుంచి మొదలు కావాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ప్రాసెసర్లున్న చాలా యంత్రాలు విండోస్ 11 నిబంధనలకు సరిపోవు. అలాంటి వాటికి ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ లాంటిది ఎక్కిస్తే బ్రౌజింగ్‌కూ, ఉత్తరాలు రాసుకోవడానికీ బాగానే పనికొస్తాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయని తేలాక డిస్క్‌లో ఎక్కించుకోండి.

ఇప్పుడు మీ సిస్టమ్‌ల సంగతి అడగండి. టాస్క్ మేనేజర్‌లో ఏం కనిపించిందో కూడా చెబితే జవాబు తేలికవుతుంది.