తాడిపత్రి నుంచి గండికోటకు సైకిల్ మీద

శ్రోతలకు నమస్కారం.

తాడిపత్రి నుంచి గండికోటకు కారులో తిన్నగా పోతే రెండు గంటల లోపే చేరిపోవచ్చు. నాకు మూడు రోజులు పట్టింది. సైకిల్ మీద వెళ్ళాను, అదీ బెలుం గుహల మీదుగా చుట్టు తిరిగి. మొత్తం కలిపితే 90 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఈ మాట చెప్పగానే అందరూ నా మోకాళ్ళ గురించే అడుగుతారు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. సీటు మీద కూర్చునే చోటు గురించి మాత్రం రేడియోలో చెప్పలేను.

నేనేమీ పెద్ద సైక్లిస్టును కాను. యాభై దాటాయి. నాది మామూలు గేర్ల సైకిలు, వెనక క్యారేజీకి రెండు సంచులు. వాటిలో రెండు జతల బట్టలు, రెండు ట్యూబులు, పంచర్ సామాను, పంపు, మూడు లీటర్ల నీళ్ళు. డిసెంబరు నెల ఎంచుకున్నాను. ఆ ప్రాంతంలో వేసవిలో సైకిల్ తొక్కడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

తాడిపత్రికి రైలుంది. బ్రేక్ వ్యానులో సైకిల్ వేసుకొచ్చి దిగాను. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. రాయలసీమలో రోజు అలాగే మొదలు కావాలి. బొరుగులు తేలిగ్గా ఉంటాయి గదా అని రెండో ప్లేటు కూడా చెప్పాను. ఆ తప్పు సంగతి పదో కిలోమీటరు దగ్గర తెలిసింది.

ఊళ్ళో రెండు గుళ్ళు తప్పక చూడాలి. పెన్న ఒడ్డున ఉన్నది బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. లింగం దగ్గర నీటి ఊట ఉంది కాబట్టి బుగ్గ. రెండోది చింతల వెంకటరమణుడి గుడి, అందులో రాతి రథం ఉంది. రెండూ విజయనగర కాలంలో గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు కట్టించినవి. బుగ్గ గుడి గోపురాలకు పైఅంతస్తులు లేవు. రాతి కట్టడం వరకు ఉంది, పైన ఆకాశం. కానీ ఆ ఉన్న రాతి మీద వేలు పెట్టడానికి ఖాళీ చోటు దొరకదు. తీగలు, హంసలు, మనుషులు, మళ్ళీ తీగలు. నేను ఒక్క స్తంభం ముందే అరగంట కూర్చున్నాను. కారులో వచ్చినవాళ్ళు ఈలోగా గుడంతా చూసి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు, వాళ్ళకు సాయంత్రంలోపు మరో మూడు చోట్లు ఉండి ఉంటాయి.

ఇక ఊరు దాటాక అసలు సంగతి మొదలైంది. తాడిపత్రి అంటే బండలు. మన ఇళ్ళలో కాళ్ళ కింద చల్లగా తగిలే నాపరాళ్ళు, కడప బండలు అంటామే, అవి. రోడ్డు పక్కన కోత మిల్లులు వరసగా ఉంటాయి. రంపం కింద రాయి, రాయి మీద ధారగా నీళ్ళు, ఆ నీళ్ళతో కలిసి పారే బూడిదరంగు బురద. అది ఎండి తెల్లటి పొడి అవుతుంది, లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకొని తొక్కాను. ఆ పది కిలోమీటర్లు బాగుంటాయని నేను అబద్ధం చెప్పను.

కానీ ఒక గని దగ్గర ఆగి చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఒకాయన గడ్డపార మొనను రాతి పొరల మధ్య సందులో పెట్టి, నెమ్మదిగా నొక్కాడు. దెబ్బ వేయలేదు, నొక్కాడంతే. 'టక్' అని చిన్న చప్పుడు. మంచమంత బండ కింది పొర నుంచి విడిపడి లేచింది. అడుగు భాగం తడిగా, నల్లగా ఉంది. కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళ అడుగున పేరుకున్న సున్నపురాయి అది. "చెయ్యి పెట్టి సూడన్నా, సల్లగుంటది," అన్నాడు. నిజంగానే చల్లగా ఉంది.

అక్కడి నుంచి బెలుం దాకా ఆ రాయే నాకు తోడు వచ్చింది. చేలకు కంచె కావాలంటే నిలువుగా పాతిన బండలు. బడి ముందు కూర్చోడానికి బండ. బోరు దగ్గర బట్టలు ఉతకడానికి బండ. పాత మిద్దెల పైకప్పు కూడా బండలే, వాటి మీద చౌడు మట్టి పరిచి ఉంటుంది. కారు అద్దంలోంచి చూస్తే ఇదంతా ఒక బూడిదరంగు గీతలా వెనక్కి పోతుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతే ఒక్కో కంచె రాయినీ చూడొచ్చు. ఏ రాయి మీద పిల్లలు బొగ్గుతో క్రికెట్ స్కోరు రాశారో కూడా.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగాడు.

"యాడికి పోతాండావు సామీ?"

"బెలుం పోయి, గండికోటకు."

"బస్సుండాది గదా?"

"ఉంది పెద్దాయనా. ఊరికే, చూసుకుంటూ పోదామని."

"ఊరికేనా!" అని కాసేపు నన్నే చూశాడు. "నా కాలంలో యాభై ఏండ్లు సైకిలే తొక్కినా. ఒక్కనాడన్నా ఊరికే తొక్కింది లేదు." టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీయలేదు.

చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. బెలుం కూడా తాడిపత్రికి ఇంచుమించు అటువైపే. దాంతో 30 కిలోమీటర్లూ ఎదురుగాలే. చేరేసరికి సాయంత్రమైంది. గుహలు చూడటం మర్నాడే.

గుహలంటే కొండలో ఉంటాయనుకుంటాం. బెలుంలో కొండ లేదు. చదునైన నేల, చుట్టూ పొలాలు, మధ్యలో బావిలాంటి గొయ్యి. మెట్లు దిగి పోతే అదే నల్ల సున్నపురాయి, ఈసారి లోపలి నుంచి. వాననీళ్ళు, భూగర్భంలో పారిన నీళ్ళు ఆ రాయిని లక్షల ఏళ్ళపాటు కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోయి దారులు చేశాయి. నిన్న గడ్డపారతో లేచిన పొరలే ఇక్కడ గోడల్లో అడ్డంగా, ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహల సంగతి రాశాడు. దాదాపు వందేళ్ళకు, 1980లలో గెబౌర్ అనే జర్మన్, తన జట్టుతో వచ్చి లోపలంతా కొలిచాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు మేర దీపాలు పెట్టి, 2002లో జనాన్ని రానిచ్చారు. లోపల ఉక్క. పాతాళగంగ అనే లోతైన చోటికి దిగి ఎక్కేసరికి, ముందురోజు ఎదురుగాలిలో కూడా పట్టనంత చెమట పట్టింది.

బెలుం నుంచి జమ్మలమడుగు దారి నల్లరేగడి మీదుగా. చేలన్నీ శనగ. ఆకు మీద వేలు రాసి నాలుకకు పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. ఇది చిన్నప్పుడు మా తాత నేర్పిన పని, ఇప్పటికీ మానలేదు. అక్కడే ఫోన్ మ్యాపు చూపిన అడ్డదారి పట్టాను. ముందురోజు వాన పడిందన్న సంగతి మ్యాపుకు తెలీదు, నేనైనా గుర్తు పెట్టుకోవాల్సింది. రేగడి బురద టైరుకు అంటుకొని, మడ్‌గార్డులో కూరుకుపోయి, వంద గజాల్లో చక్రం తిరగడం మానేసింది. పుల్ల పెట్టి గీకడం, నాలుగడుగులు తొయ్యడం, మళ్ళీ గీకడం. కంపలో ఆనించి నిలబెడితే సర్కారు తుమ్మ ముల్లు వెనక టైరులో దిగింది. అర కిలోమీటరుకు గంటన్నర పట్టింది. మీరు గనక వెళితే తారురోడ్డు వదలకండి. ఆగినప్పుడల్లా టైర్లు చేత్తో తడిమి చూసుకోండి. ముల్లు లోపలికి దిగకముందే పీకేస్తే సగం పంచర్లు ఉండవు.

జమ్మలమడుగులో రాత్రి సంగటి, పల్లీల చట్నీ తిని ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

గండికోటకు ఇంకో 15 కిలోమీటర్లు. కోట దగ్గరపడే కొద్దీ ఎక్కుడు. చిన్న గేరులో, నడిచేవాడి వేగంతో పోతున్నాను కాబట్టే ఆ మార్పు కంటపడింది. రాయి రంగు మారింది. రెండు రోజులుగా నలుపూ బూడిదా చూసిన కళ్ళకు రోడ్డు పక్కన ఎర్రటి రాయి. ఎర్రమల కొండలు, పేరులోనే ఉంది. పలకలుగా లేచే సున్నపురాయి కాదు ఇది, గట్టి రాయి. దీన్ని కోసుకునే పెన్న ఆ లోతైన గండి చేసింది. ఆ గండి వల్లే కోటకు ఆ పేరు. ఒకవైపు గోడ కట్టే పనే లేదు, లోయే గోడ.

కోట ద్వారం దగ్గర దారి మలుపులు తిరుగుతుంది. సైకిల్ దిగి తోసుకుంటూ పోయాను. లోపల ఇప్పటికీ ఊరుంది. జనం కాపురముంటున్నారు, మేకలు తిరుగుతున్నాయి. మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామా మసీదు, మసీదు పక్కనే ధాన్యాగారం. పెమ్మసాని వారి చేతుల్లోంచి ఈ కోటను గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. గోల్కొండ సుల్తాను నగలు కొనాలంటే ముందు మీర్ జుమ్లా చూడాలి మరి. ఆ రోజుల్లో ఎడ్లబండ్లూ పల్లకీలూ రోజుకు ఎంత దూరం పోయేవో, నేనూ ఇంచుమించు అంతే పోయాను. బురదలో వాళ్ళకే నాకన్నా బాగా సాగి ఉంటుంది.

లోయ అంచుకు సాయంత్రం వెళ్ళాను. అంచున కంచె లేదు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త. కింద పెన్న. తాడిపత్రిలో బుగ్గ గుడి పక్కన చూసిన పెన్నే. నా ముందే ఒక కుర్రాడు సెల్ఫీ తీసుకొని, "ఇంకేముందన్నా ఈడ చూసేదానికి?" అని అడిగాడు. ధాన్యాగారం చూశావా అన్నాను. లేదన్నాడు. సైకిల్ అక్కడే పెట్టి ఇద్దరం నడిచి వెళ్ళాం. లోపల చీకటి. గోడ మీద అరచెయ్యి పెట్టాడు. "వెచ్చగుందన్నా," అన్నాడు. పగలంతా ఎండ తిన్న గోడ.

తిరుగు ప్రయాణానికి జమ్మలమడుగు నుంచి ముద్దనూరు ఓ 20 కిలోమీటర్లు, అక్కడ రైలుంది. సైకిల్ బుక్ చేయడానికి గంట ముందే చేరుకోండి. నమస్కారం.