సీట్లు నాలుగు, మనుషులు ముగ్గురు

నమస్కారం. వేసవి వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్ళకు అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. ఆ ఇంట్లో ఎవరికైనా ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంటే, వచ్చిన వారం తిరగకముందే "మీ విమానం ఎప్పుడు ఎక్కిస్తారు, అల్లుడుగారూ?" అన్న మాట వినబడుతుంది. సరదాగా మొదలయ్యే ఆ మాట దగ్గరే చిన్న విమానాలు నడిపేవారికి అసలు పరీక్ష ఎదురవుతుంది. అందుకే ఈరోజు టెక్సాస్ ఎండల్లో మనవాళ్ళను ఎక్కించుకునే ముందు నేను వేసే లెక్కల గురించి, ఒకసారి ఆ లెక్కలో నేను చేసిన తప్పు గురించి చెబుతాను.

నేను నడిపేది సెస్నా 172ఎన్. డాలస్ పరిసరాల్లోని ఒక క్లబ్బులో అద్దెకు తీసుకుంటాను. దానికి నాలుగు సీట్లున్నాయి కనుక నలుగురు పడతారని చూసినవారెవరైనా అనుకుంటారు, కానీ విమానానికి సీట్ల లెక్క తెలియదు, పౌండ్ల లెక్కే తెలుస్తుంది. ఈ రకానికి గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు. మా విమానం ఖాళీ బరువు 1,480. మిగిలిన 820 పౌండ్లలోనే మనుషులు, సామాను, ఇంధనం అన్నీ సర్దుకోవాలి. రెండు ట్యాంకులూ నింపితే వాడుకోదగిన ఇంధనం 40 గ్యాలన్లు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 240 పౌండ్లు. అంటే నిండు ట్యాంకులతో బయలుదేరితే మనుషులకూ వారి సంచులకూ కలిపి మిగిలేది 580 మాత్రమే.

నా తప్పు ఇక్కడే జరిగింది. లైసెన్సు వచ్చిన మొదటి వేసవిలో ముగ్గురు మిత్రులను తీసుకెళ్తూ, ముందురోజు రాత్రి ఫోనులో బరువులు అడిగాను. ముగ్గురూ కిలోల్లో చెప్పారు. నేను మాట్లాడుతూనే నోటిలెక్కగా కిలోకు రెండు పౌండ్లని వేసుకున్నాను. కిలో అంటే 2.2 పౌండ్లని నాకు తెలియక కాదు, పరధ్యానం. మొత్తం 225 కిలోలైతే నా కాగితం మీద 450 పడింది, అసలు బరువు 496. పైగా బరువు అడిగితే ఎవరైనా పెళ్ళినాటి అంకెనే చెబుతారు, బూట్లూ ఫోనూ నీళ్ళసీసా అందులో ఉండవు. మధ్యాహ్నం మూడు గంటలకు భోజనాలు ముగించుకుని బయలుదేరాం. రన్‌వే మీద ఎప్పుడూ లేచే చోటు దాటిపోయింది, విమానం ఇంకా నేలనే పట్టుకుని పరుగెడుతోంది. రన్‌వే పొడుగైనది కనుక లేచాం. లేచాక నిలువువేగం చూపే ముల్లు నిమిషానికి 300 అడుగుల దగ్గర ఆగిపోయి, ఎంత ఎదురుచూసినా పైకి రాలేదు. వెనుక సీట్లో వాళ్ళు ఫొటోలు తీసుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఎదురుగా ఉన్న చెట్ల వరుసనే చూస్తూ, ముక్కు ఎత్తాలన్న చేతిని బలవంతాన ఆపుకున్నాను.

ఆనాటి బరువు తప్పుకు ఎండ తోడైంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగే బలం తగ్గుతుంది, ఇంజిన్ శక్తి కూడా తగ్గుతుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు, అంటే విమానం తాను ఉన్నాననుకునే ఎత్తు. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ప్రతి వెయ్యి అడుగులకూ రెండు డిగ్రీలు తగ్గాలి, అంతకన్నా ఎక్కువైన ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలుపుకోవాలి. డాలస్ దగ్గరి డెంటన్ విమానాశ్రయం 642 అడుగుల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి మామూలుగా ఉందనుకుంటే, అక్కడ మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో విమానం దాదాపు 3,560 అడుగుల ఎత్తునున్నట్టు ప్రవర్తిస్తుంది. అదే రన్‌వే మీద ఉదయం ఏడు గంటలకు 24 డిగ్రీలుంటే ఆ అంకె 1,880 దగ్గర ఆగుతుంది. మాన్యువల్‌లో నిమిషానికి 770 అడుగులు ఎక్కుతుందని ఉన్నది సముద్రమట్టం దగ్గర, ప్రామాణిక ఉష్ణోగ్రతలో, కొత్త ఇంజిన్‌తో. ఎన్నో ఏళ్ళుగా శిక్షణలో నలిగిన విమానం నుంచి, జూలై ఎండలో, అంత ఆశించడం అత్యాశే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి వినడానికి కొంచెం మోటుగా ఉంటుంది. ఇండియా ప్రయాణాలకు 23 కిలోల పెట్టెలు తూచడానికి మనందరి ఇళ్ళలో ఒక తూకం యంత్రం ఉంటుంది కదా, దాన్ని బయలుదేరే ముందు గుమ్మం దగ్గర పెడతాను. ఎవరు విమానం ఎక్కినా బూట్లతో, చేతిసంచితో సహా దాని మీద నిలబడాల్సిందే. మొదట నేనే నిలబడి నా అంకె పైకి చదువుతాను, అప్పుడు మిగిలినవారికి బిడియం తగ్గుతుంది.

కిందటి జూన్‌లో మా అత్తమామలు వచ్చినప్పుడు అలాగే చేశాం. నేను 175 పౌండ్లు, మామగారు 168, అత్తగారు 150, మా ఆవిడ 140, సామాను 20, మొత్తం 653. నిండు ట్యాంకులకు 73 పౌండ్లు ఎక్కువ. 28 గ్యాలన్లకు కాస్త తక్కువ ఇంధనంతో వెళితే నలుగురూ సరిపోతారు. ఇంజిన్ గంటకు ఎనిమిదిన్నర గ్యాలన్లు తాగుతుందనుకున్నా గంటసేపటి షికారుకు అది ధారాళం, పగటిపూట నిబంధన అడిగే అరగంట నిల్వకు లోటు లేదు. గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువంతా తూగే చోటు, కూడా చూశాను. ముందు సీట్లు కొలత మొదలయ్యే గీత నుంచి 37 అంగుళాల దూరంలో, వెనుక సీటు 73 దగ్గర, సామాను అర 95 దగ్గర ఉంటాయి కనుక, వెనుక కూర్చున్న ప్రతి మనిషీ విమానం తోకను కిందికి లాగుతాడు. నాకు 44.5 అంగుళాలు వచ్చింది, వెనుక హద్దు 47.3. రాత్రి తృప్తిగా పడుకున్నాను.

ఉదయం వెళ్ళి రెక్క దాకా ఎక్కి మూత తీసి చూద్దును కదా, ఇంధనం మూతి దాకా ఉంది. నాకన్నా ముందు నడిపినాయన మంచి మనసుతో రెండు ట్యాంకులూ నింపించి వెళ్ళాడు. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ పట్టి నీరు చేరదన్న మాట నిజమే, ఆయనది తప్పు కాదు. కానీ విమానంలోంచి పెట్రోలు తీయడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు. రాత్రి వేసుకున్న లెక్క కాగితం జేబులోనే ఉండిపోయింది, ఒకరు దిగక తప్పదు. ఆ మాట కొత్త చీర కట్టుకుని వచ్చిన అత్తగారి ముందు చెప్పడం, నిజానికి ఏ పక్కగాలి ల్యాండింగ్ కన్నా కష్టం. అందుకే ఇప్పుడు ముందురోజు సాయంత్రమే క్లబ్బుకు ఫోను చేసి ట్యాంకుల్లో ఎంత ఉందో అడుగుతున్నాను, ఉదయం వెళ్ళాక మళ్ళీ పుల్లతో కొలుస్తున్నాను. ప్యానెల్ మీది ఇంధనం ముల్లును నేను సలహాగానే తీసుకుంటాను.

పుల్లతో కొలిచాక కింద డ్రెయిన్ నుంచి చిన్న గ్లాసులో పట్టి చూడటం మరో పని. '100 లో-లెడ్' అనే, సీసం తక్కువ కలిపిన విమాన పెట్రోలు లేత నీలంగా ఉండాలి, నీరుంటే అడుగున బుడగలా నిలుస్తుంది. గ్లాసంతా నీరే వస్తే మాత్రం నీటికీ ఇంధనానికీ మధ్య గీతే కనబడదు, అంతా శుభ్రంగా ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. అందుకని గ్లాసును తెల్లని రెక్కకు ఆనించి రంగు చూడాలి, వాసన కూడా చూడాలి.

పెట్రోలు డబ్బులు ఇస్తామని మనవాళ్ళు పట్టుబట్టడం మామూలే. ఇంధనం, నూనె, విమానాశ్రయం రుసుము, అద్దె పంచుకోవచ్చు గానీ, నలుగురు ఎక్కితే పైలట్ తన నాలుగోవంతు తప్పక పెట్టుకోవాలి. మిగతా ముగ్గురి వాటాలకు మించి తీసుకుంటే అమెరికా నిబంధనలు ఒప్పుకోవు.

పైకి వెళ్ళాక వచ్చే ముచ్చట ఒకటుంది, "అదిగో మన ఇల్లు, ఒక చుట్టు తిప్పండి." ఊళ్ళ మీద 2,000 అడుగుల పరిధిలోని అతి ఎత్తైన కట్టడానికన్నా 1,000 అడుగులు పైన ఉండాలన్నది నిబంధన. నన్ను భయపెట్టేది అది కాదు, ఆ చుట్టు. ఇంటి మీదే కన్ను పెట్టి, వేగం తగ్గించి, మలుపు బిగించుకుంటూ పోతే రెక్క గాలి పట్టు వదిలే వేగం పెరిగిపోతుంది. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీలు వంచితే దాదాపు 19 శాతం, 60 డిగ్రీలు వంచితే 41 శాతం. నిండుగా ఉన్న విమానం తిన్నగా వెళ్తే 50 నాట్ల (విమాన వేగం కొలిచే లెక్క) దగ్గర పట్టు వదలాల్సింది, 60 డిగ్రీల మలుపులో వేగం 70కి పైన ఉండగానే వదిలేస్తుంది. నేను ఇంటిని పక్కగా ఉంచుకుని తిన్నగా వెళ్ళిపోతాను, చూడాల్సింది వాళ్ళు కదా.

ఆ రోజు మా ఆవిడ నేల మీద ఉండిపోయింది, చాలాసార్లు ఎక్కినది కనుక పట్టించుకోలేదు. ముగ్గురం ఏడున్నరకు గాల్లోకి లేచాం, నిండు ట్యాంకులతో కూడా 67 పౌండ్లు తక్కువే ఉన్నాం. మామగారు నా పక్కన కూర్చుని, నేను చేయి ఎత్తినప్పుడల్లా మాట ఆపేశారు, కంట్రోల్ టవర్‌తో మాట్లాడే ముందు అదే మా సంకేతం. దిగాక ఎలా ఉందని అడిగితే అత్తగారు బాగుందన్నారు. ఆ వెంటనే, బరువులు రాసిన కాగితం విమానంలో మరిచిపోయి రావద్దని, ఇంటికెళ్ళాక దాన్ని చింపెయ్యమని మెల్లగా చెప్పారు.