పాత కారుకి హైడ్రాలిక్ బ్రేకులు బిగించాక చక్రం ఎందుకు పట్టేస్తుంది?

మిత్రులారా, 1928 నుంచి 1931 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారులో బ్రేకులు ఇనుప రాడ్లతో పనిచేసేవి. ఫోర్డ్ కార్లకి హైడ్రాలిక్ బ్రేకులు, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవి, 1939 మోడల్‌తోనే వచ్చాయి. అందుకే 1939–48 నాటి డ్రమ్ము బ్రేకుల్ని తెచ్చి మోడల్ ఏకి బిగించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. బిగించాక వచ్చే తంటాల్లో, నాలుగు మైళ్లు నడిచేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఎక్కువసేపు దాని గురించే చెబుతాను.

పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. పెడలు పూర్తిగా వదిలినప్పుడే అది తెరుచుకుంటుంది. వేడికి పొంగిన ఆయిల్ అందులోంచే ట్యాంకులోకి తిరిగి పోవాలి. పెడలు నుంచి సిలిండర్‌లోని పిస్టన్‌ని నెట్టే పుష్ రాడ్ కాస్త పొడవైతే పిస్టన్ ముందున్న రబ్బరు కప్పు ఆ రంధ్రం మీదే నిలిచిపోతుంది. బ్రేకు షూలు డ్రమ్ముకి రాసుకుంటాయి, ఆ వేడికి ఆయిల్ ఇంకా పొంగుతుంది, చివరికి చక్రం బిగుసుకుపోతుంది.

బ్రేకు పట్టేసి ఉండగానే పరీక్ష చెయ్యాలి. చల్లారితే జాడ దొరకదు. బండి కదలకుండా అడ్డు పెట్టి, జాకీ ఎత్తి, మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చెయ్యండి. చక్రాలు వదిలేస్తే తప్పు పుష్ రాడ్‌దో సిలిండర్‌దో. వదలకపోతే, పట్టేసిన చక్రం దగ్గర బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తిప్పండి. అప్పుడు వదిలిందా, రబ్బరు హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయినట్టు. లైనులో ప్రెషర్ నిలిపే వాల్వు ఉంటే దాన్నీ అనుమానించండి. బ్లీడర్ తిప్పినా వదలకపోతే స్ప్రింగులు, వీల్ సిలిండర్ పిస్టన్లు, షూల సర్దుబాటు చూడాలి.

పుష్ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య సుమారు 1.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. పెడలు నిష్పత్తి 6:1 అయితే, అంటే పాదం ఆరు వంతులు కదిలితే రాడ్ ఒక వంతు కదిలితే, పాదం దగ్గర అది 9 మిల్లీమీటర్లుగా తెలుస్తుంది. పెడలుకి సొంత స్ప్రింగు, సొంత స్టాపు తప్పనిసరి. అవి లేకుండా ఎన్నిసార్లు సర్దినా ఆ ఖాళీ నిలవదు.

మాస్టర్ సిలిండర్ కారు ఫ్లోరు కింద ఉంటే లైనులో ప్రెషర్ నిలిపే వాల్వు కావాలి: డ్రమ్ము బ్రేకులకి 10 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్ల ఒత్తిడి), డిస్కు బ్రేకులకి 2. డిస్కు లైనులో 10ది పెడితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. పాత డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో సాధారణంగా ఆ వాల్వు లోపలే ఉంటుంది, ఇంకోటి అక్కర్లేదు.

పెడలు మెత్తగా ఉంటే రెండుసార్లు తొక్కండి. పైకి వస్తే ముందు షూలు సర్దండి. స్పంజిలా ఆడితే గాలి తియ్యండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్‌లో సిలికాన్ రకమైన డాట్ 5 మాత్రం కలపకండి.

అన్నీ అయ్యాక పది మైళ్లు నడిపి, వెంటనే జాకీ ఎత్తి నాలుగు చక్రాల్నీ చేత్తో తిప్పి చూడండి.